పేరు రాయండి అన్న గడి

పదకొండు శాతం దగ్గర ఆగింది. ఆగిపోయిందే అని షారోన్ గుండె జారేలోపు పన్నెండు అయింది, వెంటనే పదమూడు, మళ్లీ ఆగింది. కింద కొమురెల్లి మామ పిండిగిర్ని తిరుగుతున్నంతసేపూ పైగదిలో బల్ల సన్నగా వణుకుతూనే ఉంటుంది. బల్ల వణికితే ల్యాప్‌టాప్ వణుకుతుంది, దాని తెర మీది పచ్చగీత కూడా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ ముందుకు జరుగుతుంది. పది దాటి అయిదు నిమిషాలు. పదకొండింటికి మీటింగు. అప్పటికి ఈ గీత చివరికంటా చేరాలి, చేరినాక అందులో ఏముందో తను చదవాలి, చదివి మెట్లు దిగి, గిర్ని ముందరి రేకుల కింద జంపఖానా మీద కూర్చునే ఆడవాళ్ల ఎదుట నిలబడి చెప్పాలి, మీ మగవాళ్ల పాస్‌పోర్టు నంబర్లు ఎవరి చేతికీ చిక్కలేదని గానీ, చిక్కాయని గానీ. పదకొండు వందల నలభై ఆరు మందివి. ఖానాపూర్ నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ దుబాయి, మస్కట్, దోహా పోయినవాళ్ల కుటుంబాలు కలిసి పెట్టుకున్న సంఘం ఇది. సంఘానికి వెబ్‌సైటు చేసిపెట్టింది షారోన్. పక్క ఊరి పిల్ల, కరీంనగర్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు, అడిగిన పదోనాటికల్లా చేసి ఇచ్చింది. అందుకే మూడేళ్లుగా ఈ గదిలో ఆమెకు వచ్చే చాయ్ కింది సాసర్‌లో ఎప్పుడూ రెండు బిస్కెట్లు ఎక్కువ ఉంటాయి. ఇవాళ కూడా ఉన్నాయి. ఆమె ముట్టుకోలేదు.

పద్నాలుగు. నిన్న సాయంత్రం ఫోను వచ్చినప్పుడు ఆఫీసు కింద బండి దగ్గర మిర్చి తింటోంది. తెలియని నంబరు. ‘మేడం, నా పేరు భానుప్రసాద్. పెద్దపల్లి డిగ్రీ కాలేజీల కంప్యూటర్ చెప్త. నేను దొంగను గాను, ముందుగాల గది చెప్తున్న, అటెన్క సంగతి చెప్త,’ అన్నాడు అవతలి మనిషి, అంతే, మిర్చి గొంతులో అడ్డంపడింది, ఎందుకంటే దొంగను కానని మొదలుపెట్టేవాడు ఏదో ఒక ఇంటి తలుపు బార్లా తెరిచి ఉండగా చూసే ఉంటాడు. వాళ్ల బావ దోహాలో ఉన్నాడట, సంఘంలో ఇచ్చిన కాగితాలు ఎందాక వచ్చాయో చూసిపెట్టమని అక్క అడిగిందట, వెబ్‌సైటు తెరిచి వెతికే గడిలో బావ పేరు రాశాడట, రాసి, పాఠం చెప్పే అలవాటు కొద్దీ పేరు చివర ఒక చిన్న కొక్కెం గుర్తు, అదే ఇంగ్లీషు కొటేషన్ గుర్తు, పెట్టాడట. పేజీ తడబడి ఏదో తప్పు చూపించింది. అది చూసి అతనికి అనుమానం వచ్చింది, ఆ గుర్తు తర్వాత ఇంకో అరవరుస రాశాడు, అదీ తడబడితే సరిచేసి మళ్లీ నొక్కాడు. బావ ఒక్కడే రావాల్సిన చోట ఊళ్లకు ఊళ్లు వచ్చాయి, పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, ఏ దేశం, ఏ కంపెనీ, అన్నీ. చూసిన నిమిషంలోనే మూసేశానని అతనంటాడు. అనడానికేం, ఎవరైనా అంటారు. అతను చెప్పింది నిజమో కాదో కూడా ఇప్పుడు సర్వర్ నుంచి దిగుతున్న ఈ రాకపోకల చిట్టాయే చెప్పాలి. కానీ గొంతు మంచిగా ఉంది. సంకోచపడుతూ, ఆడమనిషి తప్పు ఎత్తిచూపుతున్నానే అని నొచ్చుకుంటూ మాట్లాడాడు. షారోన్ నిలబడ్డపాటునే పైకి ఆఫీసుకు వెళ్లి వెబ్‌సైటు మూసేసి, మరమ్మతు జరుగుతోంది అని ఒక వరుస తగిలించింది. ఇవాళ రెండో శనివారం, ఎలాగూ సంఘం మీటింగు. పొద్దున్నే మొదటి బస్సు ఎక్కింది. ఇంత భయం మధ్య కూడా జగిత్యాల దాటగానే నిద్రపట్టింది, గోదావరి వంతెన మీద చల్లగాలికి మెలకువ వచ్చింది, నది నిండుగా, ఎర్రగా, ఎవరి తొందరా తనకు పట్టనట్టు పోతోంది. ఆ నిమిషం ఆమెకు హాయిగా అనిపించింది. అట్లా అనిపించినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

పంతొమ్మిది. ‘పేరు రాయండి’ అని ఆ గడి పైన పెట్టింది తనే. ఎంత మర్యాదగా పెట్టింది. పేరు రాయండి అంటే పేరే రాస్తారని ఎట్లా నమ్మింది? ఆఫీసులో కొత్తగా ఉద్యోగానికి వచ్చే పిల్లలను ఆమె అడిగే మొదటి ప్రశ్న సరిగ్గా ఇదే, బయటివాడు గడిలో రాసిన మాటను తీసుకెళ్లి నీ ఆజ్ఞలో అతికిస్తే ఏమవుతుంది అని. చెప్పలేక నీళ్లు నమిలిన వాళ్లను ఎంతమందిని వెనక్కి పంపింది. మరి తను చేసింది అదే. డేటాబేసును అడిగే ప్రశ్న ముందు సగం రాసి, మధ్యలో గడిలోని పేరును ఉన్నదున్నట్టు అతికించి, వెనక సగం తగిలించింది. లోపల ఉండే యంత్రానికి ఏది షారోన్ మాట, ఏది బయటివాడి మాట అన్న తేడా ఎక్కడిది, వరుసగా చదువుకుంటూ పోతుంది, చెప్పింది చేస్తుంది. పేరు చివర చిన్న గుర్తు పెట్టి, ఆ తర్వాత అందరివీ చూపించు అని రాస్తే అందరివీ చూపిస్తుంది. అప్పుడు తన కూతురు ఆరాధన అయిదు నెలల పిల్ల. ఎడమచేతిలో పిల్ల, కుడిచేత్తో కోడ్. ఒంటిచేత్తో కొట్టే అక్షరాలు ఎన్ని తక్కువైతే అంత సుఖం, అందుకే దగ్గరిదారి పట్టింది, తర్వాత సరిచేద్దాం అనుకుంది, తర్వాత పిల్లకు పళ్లొచ్చాయి, జ్వరం వచ్చింది, నడక వచ్చింది, మాటలు వచ్చాయి, ఇప్పుడు మూడున్నరేళ్లు. నాన్నను ‘జేమ్సూ’ అని పేరు పెట్టి పిలుస్తోంది. పళ్లొచ్చిన తారీఖు షారోన్‌కు గుర్తుంది. సరిచేయాలన్న సంగతి మాత్రం పోయింది.

ఇరవై ఆరు. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు ఒక పక్కంతా మక్కలు, మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉన్నాయి, పచ్చటి తివాచీ పరిచినట్టు బస్టాండు దాకా. ఎవరో ముసలామె కాళ్లతో వాటిని సాళ్లుగా తిరగేస్తూ నడుస్తోంది, అటు చివర దాకా పోయి ఇటు వస్తోంది. కడెం దిక్కున మబ్బు కొంచెం నల్లగా ఉంది. మక్కలు, మబ్బు, ఈ రెండూ కలిసి కనిపిస్తే షారోన్‌కు నవ్వు రాకుండా ఉండదు, ఇంత పరేషాన్‌లోనూ వచ్చింది, ఎందుకంటే తోమాసు తాత గుర్తుకొస్తాడు. వాళ్ల ఊరి మెథడిస్టు చర్చిలో తాతే పెద్ద. ఆదివారం కూడిక చివర ప్రార్థన చీటీలు చదివే పని తాతది. గుమ్మం దగ్గర రేకు డబ్బా, ఎవరికి ఏ కష్టం ఉంటే అది చీటీ మీద రాసి అందులో వేస్తారు, రాయరానివాళ్లు ఎవరితోనో రాయించి వేస్తారు. తాతకు గొంతు పెద్దది, చదువు చిన్నది. చీటీ విప్పి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఎక్కడా ఆగకుండా, పైనుంచి దేవుడే పలికిస్తున్నాడా అన్నట్టు ఒకే ఊపులో చదివేవాడు. అట్లాంటి ఒక ఆదివారం బుచ్చవ్వ చీటీ వచ్చింది. బుచ్చవ్వ కోడలితో రాయించింది. ‘నా మోకాళ్ల నొప్పుల కోసం ప్రార్థన చెయ్యుండ్రి. మబ్బు వట్టింది, అందరు లేసి పోయి మక్కలు కుప్ప జేసుకోండ్రి.’ తాత అదే ఊపులో, అదే గొంతుతో, రెండో వాక్యం కూడా చదివేశాడు. చర్చి మొత్తం లేచింది. కానుకపళ్లెం సగం దూరం వచ్చి ఆగిపోయింది, పాస్టరయ్య దీవెన కోసం ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి, జనం చెప్పులు కూడా సరిగ్గా వెతుక్కోకుండా రోడ్డు మీదికి ఉరికారు, ఎవరి మక్కలు ఎవరు కుప్ప చేస్తున్నారో తెలియకుండా చేశారు. ఆ రోజు నిజంగానే వాన దంచికొట్టింది, ఒక్క గింజ తడవలేదు, కాబట్టి బుచ్చవ్వను ఎవరూ ఏమీ అనలేకపోయారు. తర్వాత ఆమెను అడిగితే, నేను దేవునికి చెప్పుకున్న, మీరెందుకు ఇన్నరు అన్నదట.

పాస్టరయ్య తాతను ఏమన్నాడో షారోన్‌కు తెలియదు గానీ మరుసటి ఆదివారం నుంచి తాత పద్ధతి మారింది. చీటీ విప్పి, ముందు ఎడమ అరచేతిలో పెట్టుకుని, ‘చీటీల ఉన్నది చదువుతున్న’ అనేవాడు. చదివేవాడు. చదివినాక చీటీ మడిచి, ‘చీటీ అయిపోయింది’ అనేవాడు. ఆ రెండు మాటల మధ్య ఏమున్నా సరే, లేవమన్నా పొమ్మన్నా పాడమన్నా, జనం కదిలేవాళ్లు కాదు. చిన్నపిల్లలు తాతను వెక్కిరించేవాళ్లు, ప్రతి మాటకూ ముందూ వెనకా ఆ రెండు మాటలు తగిలించి ఆడుకునేవాళ్లు, షారోన్ కూడా ఆడింది. ఇవాళ పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఈ బల్ల ముందు కూర్చుని ఆమె చేసిన పని అంతకంటే ఏమీ కాదు. ప్రశ్నను ముందే వేరుగా పంపడం, గడిలోని మాటను తర్వాత విడిగా, మూటగట్టి పంపడం. మూటలో ఏముండనీ, అది వెతకాల్సిన పేరే తప్ప చేయాల్సిన పని కాదని యంత్రానికి ముందే చెప్పి ఉంచడం. వెతికే గడి ఒక్కటే కాదు, బయటివాడు ఏదైనా రాయగలిగే చోట్లు మొత్తం ఏడు, ఏడింటినీ తిప్పి రాసింది. భానుప్రసాద్ చేసినట్టే కొక్కెం గుర్తులు పెట్టి తనే తన ఇంటికి కన్నం వేయబోయింది. ఏడుసార్లూ బుద్ధిగా ‘వివరాలు దొరకలేదు’ అని వచ్చింది. తాతకు తెలిసిన సంగతి ఎంటెక్ చదివిన తను ఎట్లా మరిచిందీ అని కాసేపు మనసు గుంజింది. కానీ తాత కూడా ఒకసారి చర్చిని ఖాళీ చేయించిన తర్వాతే కదా నేర్చుకున్నది. ఆ మాట కొంచెం ఊరట.

నలభై. మెట్ల మీద అడుగులు. కొమురెల్లి మామ ఒళ్లంతా పిండితో, కనుబొమలు కూడా తెల్లగా, ఫోను చేత్తో పట్టుకుని వచ్చాడు. సంఘానికి అధ్యక్షుడూ ఆయనే, గిర్నికి ఓనరూ ఆయనే. పదహారేళ్లు మస్కట్‌లో క్రేన్ నడిపి వచ్చిన మనిషి. వెబ్‌సైటు మూయడం తెరవడం షారోన్ చేతిలోనే ఉన్నా, చిట్టాలుండే సర్వర్ కంపెనీ తాళం ఆయన ఫోనుకు కట్టి ఉంది, అంటే లోపలికి పోవాలన్నప్పుడల్లా ఆయన ఫోనుకు ఆరంకెలు వస్తాయి. పొద్దున ఆ ఆరంకెలు చదవడానికి ఆయనకు నాలుగుసార్లు పట్టింది, అద్దాలు దొరికేసరికి ఒకసారి గడువు అయిపోయింది, రెండోసారి రెండంకెలు పిండి కింద పోయాయి. ఇప్పుడు మళ్లీ ఏదో వచ్చిందేమోనని చూపించడానికి తెచ్చాడు. వచ్చింది చీరల ఆఫరు. ఎందాక వచ్చింది అని కళ్లతోనే అడిగాడు. సగం కాలేదని షారోన్ చెప్పింది. ఆయన సాసర్‌ను ఆమె వైపు అరబెత్తెడు జరిపి కిందికి వెళ్లాడు. అసలు నంబర్లు పెట్టమని అడిగింది ఆయనే. అప్పట్లో ఒకతను షార్జాలో ఆసుపత్రి పాలైతే, పాస్‌పోర్టు నంబరు ఏమిటో ఇంట్లో ఎవరికీ దొరక్క తొమ్మిది రోజులు ఎంబసీకి కాగితం పోలేదు, మనిషి బతికి బయటపడ్డాడు గానీ ఆ తొమ్మిది రోజులు మామను నిద్రపోనీయలేదు. నంబర్లన్నీ ఒక్కచోట ఉండాలె బిడ్డా, ఒక్క నిమిషంల దొర్కాలె అన్నాడు. ఒక్క నిమిషంలో దొరికేట్టే చేసింది. అందరికీ.

యాభై ఎనిమిది, అరవై, డెబ్బై మూడు, ఉన్నట్టుండి సిగ్నల్‌కు ఏం బలం వచ్చిందో గీత ఉరికింది, నూరు. గిర్ని కూడా సరిగ్గా అప్పుడే ఆగింది, బల్ల వణుకు ఆగింది. చెవుల్లో నిశ్శబ్దం గుయ్యిమంది. ఇది రాకపోకల చిట్టా. వెబ్‌సైటుకు ఎవరు ఎప్పుడు వచ్చారు, గడిలో ఏం రాశారు, బదులుగా ఎంత బరువు కాగితం బయటికి పోయింది, ఒక్కొక్క రాకకు ఒక్కొక్క వరుస. తెలుగులో రాసిందంతా ఇందులో శాతం గుర్తులుగా, అంకెలుగా చితికిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ తెలుగు చేసే నాలుగు వరుసల కోడ్ నడిపించి, వచ్చిన దాన్ని పైనుంచి కిందికి చూడడం మొదలుపెట్టింది. దొంగల కోసం. కొక్కెం గుర్తుల కోసం, ఆజ్ఞల్లాంటి మాటల కోసం, ఒక్క పేరుకు రావలసినంత కాకుండా మూటలకొద్దీ బయటికి పోయిన వరుసల కోసం. ఆమెకు ఎదురైంది వేరు. ‘మా ఆయన కాగితం అయ్యిందా.’ ‘గిర్ని ఇయ్యాల ఉన్నదా.’ ‘జొన్నలు పడ్తరా గోధుమలేనా.’ ‘బాలవ్వ కొడుకు నర్సయ్య మస్కట్ పోయిండు తెలుసా.’ ‘నమస్తే సార్.’ ‘మీటింగుల చాయ్ ఇస్తరా.’ పేరు రాయండి అన్న గడిలో పేర్లు రాసినవాళ్లు సగం మందే. మిగతావాళ్లు గడితో మాట్లాడారు. దాని వెనక ఎవరో కూర్చుని ఉన్నారని, రాస్తే చదువుతారని, వీలు చూసుకుని బదులిస్తారని అనుకున్నారు. ప్రతి ఒక్కరికీ అదే బదులు పోయింది, వివరాలు దొరకలేదు. జొన్నలు పడతారా, వివరాలు దొరకలేదు. నమస్తే సార్, వివరాలు దొరకలేదు.

ఒకచోట ఆమె వేలు ఆగింది. ‘హనుమంతు ఫోను ఎత్తుతలేడు నాలుగొద్దులాయె.’ ఆ మరునాడు, ‘హనుమంతు ఫోను ఎత్తుతలేడు అయిదొద్దులు.’ ఆ తర్వాత ‘ఆరు’ అని ఒక్క మాటే. తర్వాత లేదు. హనుమంతు, ప్రతి మీటింగుకూ వచ్చే కోమలక్క భర్త. ఇది పోయిన చలికాలంలోది. ఏమైందో షారోన్‌కు తెలుసు, ఫోను నీళ్ల డ్రమ్ములో పడింది, వారం తర్వాత ఇంకొకరి ఫోనులోంచి మాట్లాడాడు, మొన్న ఎండాకాలం రెండు నెలలు ఇంటికి వచ్చిపోయాడు కూడా, పిల్ల చెవులు కుట్టించి పోయాడు. తెలిసినా ఆ మూడు వరుసలూ మళ్లీ చదివింది. ఆ వారం రోజులు కోమలక్క తను కట్టిన గోడకు చెప్పుకుంది, గోడ దొరకలేదు అంది. దొంగ ఏం రాస్తాడో అని పట్టుకుని కూర్చుంది గానీ మంచివాళ్లు ఏం రాస్తారో అని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది, చూడడం కూడా ఒకరకంగా ఒకరింట్లోకి తొంగిచూడడమే. వెంటనే కళ్లు తిప్పేసుకుని, యంత్రంతోనే వెతికించింది. ఆ గుర్తులున్న వరుసలు ఇయ్యి, ఆ మాటలున్న వరుసలు ఇయ్యి, బరువైన వరుసలు ఇయ్యి.

మూడే మూడు వచ్చాయి. మూడూ నిన్నటివి, సాయంత్రం నాలుగు గంటల నలభై రెండు నిమిషాలకు మొదలు, నలభై నాలుగుకు చివరిది, పెద్దపల్లి దిక్కు నుంచి. మొదటిదానికి పేజీ తడబడింది, రెండోదానికీ అంతే, మూడోదానికి ఊళ్లకు ఊళ్లు బయటికి పోయాయి. ఆ తర్వాత ఆ మనిషి రాలేదు. ఇరవై నిమిషాలకు తనకు ఫోను చేశాడు. పాపం భానుప్రసాద్, చెప్పింది చెప్పినట్టే నిజం. మధ్యలో ఏవో యంత్రాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ముందు తలుపు తట్టిపోయిన వరుసలు వందలున్నాయి, ఏ వెబ్‌సైటుకైనా అవి తప్పవు, ఒక్కటీ ఈ గడిదాకా రాలేదు. షారోన్ కుర్చీలో వెనక్కి వాలింది. ఒక బిస్కెట్ చాయ్‌లో ముంచింది, చల్లారిన చాయ్‌లో బిస్కెట్ మెత్తబడకుండానే నోట్లో పెట్టుకుంది. ఎంత రుచి. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. కింద ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి, ఎవరో ఎవరినో ఆటపట్టిస్తున్నారు, కోమలక్క నవ్వు అన్నిటికంటే పైకి వస్తోంది. కిటికీ బయట మబ్బు విడిపోయింది, మక్కల మీద ఎండ పడింది. రెండో బిస్కెట్ కూడా తీసుకుని, ఊరికే, చిట్టా మొట్టమొదటి వరుస ఎవరిదో చూద్దామని పైకి జరిపింది. మొదటి మనిషి ఎవరు వచ్చారు తన ఇంటికి, మూడేళ్ల కింద.

మూడేళ్ల కిందటిది కాదు. పోయిన ఏడాది సెప్టెంబరు. దాని ముందు ఏమీ లేదు. మళ్లీ చూసింది, సర్వర్ కంపెనీ పేజీలో చిన్న అక్షరాలు చదివింది. పదమూడు నెలల కంటే పాత చిట్టాలు వాళ్లంతట వాళ్లే తుడిచేస్తారట. వెబ్‌సైటు మొదలై మూడేళ్లు. అంటే ముందటి ఇరవై మూడు నెలలు ఈ గడి దగ్గరికి ఎవరు వచ్చారో, ఏం రాశారో, ఏం పట్టుకుపోయారో ఇక ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. రాలేదేమో. రాలేదనే అనిపిస్తోంది. కానీ అనిపించడం వేరు, తెలియడం వేరు. బిస్కెట్ సాసర్‌లో పెట్టేసింది. పదకొండుకు పది నిమిషాలు.

మళ్లీ పైకి వచ్చిన కొమురెల్లి మామకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తలుపుకు ఆనుకుని, భుజం మీది తువాలుతో మెడ తుడుచుకుంటూ మొత్తం విన్నాడు. తెలివైన మనిషి, కోపగించుకోలేదు. ‘దొరికిన పదమూడు నెలలు సాఫ్ ఉన్నది. పొక్క పూడ్సినవ్. ఇగ చెప్పుడెందుకు బిడ్డా? చెప్తె సగం మంది సంఘమే వద్దంటరు, ఊకె పరేషాన్,’ అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. షారోన్‌కు కూడా ఆ మాట వెచ్చటి దుప్పటిలా అనిపించింది, కప్పుకుంటే చాలు, పదకొండున్నరకు బస్సు ఉంది, సాయంత్రానికి పిల్ల దగ్గర ఉండవచ్చు, తన పేరు అట్లనే ఉంటుంది, సాసర్‌లో బిస్కెట్లూ అట్లనే ఉంటాయి. కానీ దుప్పటి కింద ఒక ఫోను మోగుతూ ఉంది. ఎక్కడో ఒక ఇంట్లో, ఎప్పుడో ఒక మధ్యాహ్నం, ఒక మగ గొంతు, నేను ఎంబసీ నుంచి, మీ ఆయన పాస్‌పోర్టు నంబరు ఇదీ, అవునా కాదా, మీ ఆయన కేసులో ఇరుక్కున్నాడు, నేను చెప్పినట్టు చెయ్యి. నంబరు సరిగ్గా చెప్పాడు కాబట్టి ఆమె నమ్ముతుంది. సంఘం చెప్పలేదు కాబట్టి నమ్ముతుంది. ‘గట్ల ఎవడన్న ఫోన్ జేస్తె వాళ్లు నమ్మొద్దు గదా మామా. నమ్మొద్దని ముందుగాల మనమే చెప్పాలె,’ అంది. ఆయన తువాలు దులిపాడు, పిండి ఎండలో తేలింది. సరే నడువు అన్నాడు, కానీ మెట్లు మొదట తనే దిగాడు.

ముప్పై మంది దాకా ఉన్నారు. షారోన్ ఎక్కడ మొదలుపెట్టాలో అనుకుంటూనే మొదలుపెట్టేసింది. వెబ్‌సైటులో ఒక పొక్క ఉండిందని, తెలివి ఉన్నవాడు దాంట్లోంచి చేయి పెట్టి అందరి నంబర్లు తీసుకోవచ్చని, నిన్న తెలిసిందని, ఇవాళ పూడ్చానని, పోయిన పదమూడు నెలల్లో, ఫోను చేసి చెప్పినతను తప్ప ఎవరూ చేయి పెట్టలేదని కళ్లారా చూశానని, అంతకుముందు సంగతి తనకు తెలియదని, ఇక తెలియదని. చెబుతున్నంతసేపూ కోమలక్క చీర అంచుతో నేల మీద పిండి చారను తుడుస్తూ ఉంది. అయిపోయినాక ముందువరసలో కూర్చున్న ఐలవ్వ అడిగింది. ఐలవ్వ ఇద్దరు కొడుకులూ కువైట్‌లో ఉన్నారు, సంఘంలో అందరికంటే పెద్దది, ఎవరినీ వదలదు.

‘పొక్క పెట్టిందెవలు?’

‘నేనే అవ్వా.’

‘పూడ్సింది?’

‘నేనే.’

ఐలవ్వ తలాడించింది. అది క్షమించడమో, గుర్తుపెట్టుకోవడమో షారోన్‌కు అంతుపట్టలేదు. తను అడగాల్సింది అడిగింది. మీలో ఎవరికైనా, మీ ఆయన నంబరు చెప్పి, ఫలానా చెయ్యమని ఫోను వచ్చిందా, ఈ మూడేళ్లలో ఒక్కసారైనా. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వెనక వరసలో చేయి లేచింది. శంకరవ్వ. షారోన్‌కు ఆ తెల్లటి గాజుల చేయి తప్ప ఏమీ కనిపించలేదు.

‘నాకొచ్చింది. పోయిన దీపావళి ముంగట,’ అంది శంకరవ్వ. ‘దుబాయ్ ఆఫీసుల కెళ్లి అన్నడు. మీ ఆయనకు బోనసొచ్చింది, పాస్‌పోర్ట్ నంబర్ జెప్పు అన్నడు.’

‘వాడు నంబరు చెప్పిండా, నిన్ను చెప్పుమన్నడా?’ కోమలక్క గబుక్కున తిరిగి అడిగింది, అడగాల్సిన మాట షారోన్ నోట్లోంచి లాక్కున్నట్టు.

‘నన్నే చెప్పుమన్నడు. వానికి తెలిస్తె నన్నెందుకడుగుతడు?’

‘నువ్వేమన్నవ్ అక్కా?’ షారోన్ అడిగింది.

‘నాకు తెల్వది, ఖానాపూర్ల గిర్ని ఉంటది, ఆడికి పోయి అడుగు, పోంగ రెండు కిలోల గోధుమలు వట్టుకపో అన్న.’

ముందు కొమురెల్లి మామ నవ్వాడు, ఆపుకోలేక, గోడకు చేయి ఆనించి. తర్వాత అందరూ. షారోన్ కూడా జంపఖానా అంచున కూలబడి నవ్వింది, నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది. ఒక్క ఫోను, అదీ నంబరు తెలియనివాడి ఫోను. ఇది రుజువు కాదు, దగ్గరదగ్గరగా రుజువు. మిగతావాళ్లంతా తమకు రాలేదని తలలు అడ్డంగా ఊపారు, చిట్టా చెప్పలేని ఇరవై మూడు నెలల గురించి ఇంతకంటే మంచి చిట్టా ఎక్కడ దొరుకుతుంది. కానీ నవ్వు ఆగగానే ఐలవ్వ మోకాలి మీద చేయి వేసుకుని ముందుకు వంగింది. ఆమె నవ్వలేదు, ఏదో కూడుకుంటూ ఉంది అంతసేపు.

‘నా కొడుకుల నంబర్లు నా ఇంట్ల పెట్టెల ఉన్నయి. ఈమె ఇంట్ల ఈమె పెట్టెల ఉన్నయి. నీ కాడెందుకు బిడ్డా?’

షారోన్ షార్జా ఆసుపత్రి సంగతి చెప్పబోయింది, ఒక్క నిమిషంలో దొరకాలన్న సంగతి చెప్పబోయింది, మామ వైపు చూసింది. మామ కూడా చెప్పబోయి ఆగాడు. అప్పుడు పెట్టెలో వెతికితే దొరకలేదు నిజమే, ఇప్పుడు సంఘం పెట్టినాక ప్రతి ఇంట్లో ఒక నకలు పెట్టెలో పెట్టించారు, అదీ నిజమే. ఎవరికి అవసరం పడితే వాళ్లింటికి ఫోను చేస్తే చదివి చెబుతారు. చదువురాని ఇల్లయితే పక్కింటివాళ్లు చదువుతారు. నిమిషం కాకపోతే అయిదు నిమిషాలు. మూడేళ్లు కాపలా కాయాల్సిన సొత్తు అసలు తన దగ్గర ఉండాల్సిందే కాదని ఎవరూ ఎందుకు అనలేదు, తనకు ఎందుకు తట్టలేదు. తాళం గట్టిది వేయడం గురించే ఆలోచించింది గానీ గదిలో ఆ సొత్తు లేకపోతే తాళమే అక్కర్లేదని అనుకోలేదు. నంబర్లు తీసెయ్యాలన్నవాళ్లను చేతులెత్తమంటే ముప్పై చేతులూ లేచాయి. మామ చేయి కొంచెం ఆలస్యంగా లేచింది.

ల్యాప్‌టాప్ కిందికి తెచ్చింది, పిండి బస్తా మీద పెట్టింది. పాస్‌పోర్టు నంబర్లున్న నిలువు వరుసను మొత్తం తీసెయ్యమని ఒకే ఒక్క వాక్యం రాసింది. ఈసారి ఆజ్ఞ ఆమెదే, మధ్యలో ఎవరి మాటా అతకలేదు. నొక్కేముందు ఒకసారి అందరి వైపు చూసింది. ఎవరూ ఊపిరి బిగపట్టలేదు, ఒకామె చాయ్ గ్లాసులు పంచుతోంది, ఇంకొకామె మెడలో గొలుసు సవరించుకుంటోంది. నొక్కింది. పాత నకళ్లు ఉన్న రెండు చోట్ల కూడా తీసేసింది, ఆరంకెలు వస్తే మామ ఈసారి మొదటిసారికే సరిగ్గా చదివాడు. అయిందా అని ఎవరో అడిగితే అయిందంది. ఆమెకు ఒళ్లు తేలికైంది, బస్సులో వంతెన మీద అనిపించిన హాయి కాదు, ఇది వేరు, ఇంటెడు చాకిరీ ముగించి చేతులు కడుక్కున్నప్పటి హాయి. ఇంకో వరుస ఉంది తెర మీద, ఇళ్ల ఫోను నంబర్లది. అదీ తీసెయ్యాలా, ఉంచాలా అని ఆమె వేలు అక్కడే తచ్చాడింది. ఐలవ్వకు తెర మీద ఒక్క అక్షరం తెలియదు, కానీ వేలు ఆగిన సంగతి తెలిసింది, అదేంది అని అడిగింది. ఫోను నంబర్లు అవ్వా, అవి కూడా తీసెయ్యమంటవా అంది షారోన్.

‘గవి ఉండని,’ అంది ఐలవ్వ, చాయ్ గ్లాసు ఆమె చేతిలో పెడుతూ. ‘మల్ల ఏదన్న తప్పు జేస్తె మాకు చెప్పాలె గదా నువ్వు.’